మేత ఎక్కడో వేట అక్కడ

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో తుపాకీతో జింకల వేటకు ఏడాదిలో ప్రధానంగా దొరికేది తొమ్మిది రోజులు. నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ముందొచ్చే శనివారం మొదలై, పండగ తరవాతి ఆదివారంతో ముగుస్తుంది. ఆ తొమ్మిది రోజుల కోసం దాదాపు ఐదున్నర లక్షల మంది లైసెన్సులు తీసుకుంటారు. దుకాణాల్లో నారింజ రంగు జాకెట్లు, బూట్లు, కెమెరాలు, ఒంటి వాసన చంపే మందులు గుట్టలు పోసి అమ్ముతారు. అవన్నీ కొనుక్కుని కూడా అడవిలో చలికి వణికి, ఖాళీ చేతులతో ఇంటికొచ్చేవాళ్లు చాలామంది. ఏళ్ల తరబడి వేటాడుతున్నవాళ్ల తయారీ వేరుగా ఉంటుంది. వాళ్లు ఆగస్టులోనే బైనాక్యులర్ మెడలో వేసుకుని అడవికి వెళ్లి, ఓక్ చెట్ల కింద నిలబడి కొమ్మల్లోకి తలెత్తి చూస్తారు. ఈ ఏడు ఏ చెట్టు కాసింది, ఏది కాయలేదు అన్నదే వాళ్లకు కావలసిన మొదటి సమాచారం. జింక ఎక్కడ తిరగాలన్నది దాని కడుపు నిర్ణయిస్తుంది. ఆ కడుపు సంగతి తెలియకుండా ఎంత సరంజామా మోసుకెళ్లినా బరువు తప్ప లాభం లేదు.

ఈ వేటంతా తెల్లతోక జింక కోసం. బెదిరినప్పుడు తోక నిటారుగా లేపి, అడుగున ఉన్న తెల్లదనం చూపిస్తూ పరుగెత్తుతుంది కనుక దానికా పేరు. ఆవు, మేకల్లాగే దీనికీ నాలుగు అరల పొట్ట ఉంది, నెమరు వేస్తుంది. పోలిక అంతవరకే. ఆవు ముతక గడ్డిని నాలుకతో చుట్టి తెంపుకుంటూ పోతుంది. ఆ గడ్డి గంటల తరబడి నానడానికి తగినంత పెద్ద పొట్ట దానికుంది. జింకది సన్నటి మూతి, ఒంటికి మించని చిన్న పొట్ట. నెమరు వేసే జంతువులను తిండిని బట్టి మూడు తరగతులుగా విడదీస్తూ జర్మన్ శాస్త్రవేత్త రైన్‌హోల్డ్ హాఫ్‌మన్ 1989లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఆ లెక్కన తెల్లతోక జింక ఏరుకుని తినే తరగతిలోకి వస్తుంది. లేత చిగురు, మొగ్గ, పువ్వు, పుట్టగొడుగు, పండు, కాయ, ఇలా పీచు తక్కువ, పోషకం ఎక్కువ ఉన్నదాన్ని చూసి చూసి కొరుకుతుంది. ఇక్కడ రెండాకులు, అక్కడొక మొగ్గ అందుకుంటూ నడుస్తూనే ఉంటుంది.

ఆ నడక ఆనవాళ్లు పొదల మీద మిగులుతాయి. జింకకు పై దవడలో ముందు పళ్లుండవు, గట్టిపడిన చిగుళ్లే ఉంటాయి. కింది పళ్లతో అదిమిపట్టి, లాగి తెంపుతుంది. అందుకని అది తిన్న కొమ్మ చివర పీచులు లేచి, చింపినట్టుగా ఉంటుంది. కుందేలు కొరికిన కొమ్మ చివర అయితే ఏటవాలుగా, నున్నగా తెగి ఉంటుంది. తెగిన చోట ఇంకా పచ్చిగా, తెల్లగా ఉంటే జింక ఈమధ్యే వచ్చివెళ్లినట్టు. గోధుమ రంగు తిరిగితే పాత సంగతి. ట్రైల్ కెమెరా తన ముందు నుంచి పోయిన జంతువును మాత్రమే చూపిస్తుంది. అది దేనికోసం వచ్చిందో చెప్పేది ఈ పుల్లే.

పొట్టలో చేరిన మేతను నిజంగా జీర్ణం చేసేవి అక్కడ కాపురముండే బాక్టీరియా, ప్రోటోజోవాలు. ఆకును కరిగించే సూక్ష్మజీవులు వేరు, పిండి పదార్థం మీద బతికేవి వేరు. మేత మారితే ఆ జనాభా కూడా మారాలి, అందుకు రెండు మూడు వారాలు పడుతుంది. ప్రకృతిలో ఆ మార్పు మెల్లగానే జరుగుతుంది. జూలై, ఆగస్టుల్లో సోయా చిక్కుడు ఆకులు, అడవి అంచున పెరిగే కలుపు మొక్కలు. సెప్టెంబరులో రాలిపడిన ఆపిల్ పళ్లు, తొలి ఓక్ కాయలు. అక్టోబరు, నవంబరుల్లో ఓక్ కాయలతో పాటు కోత అయిన చేలలో మిగిలిన మొక్కజొన్న. మంచు కమ్మేశాక పుల్లలు, మొగ్గలు, ఉత్తరాన తెల్ల సెడార్ ఆకులు. ఆగస్టు సాయంత్రాల్లో సోయా చేలో మగజింకల గుంపును చూసి సంబరపడి అక్కడే మంచె కట్టుకున్నవాడికి, అక్టోబరు వచ్చేసరికి అవి మాయమైపోయినట్టు అనిపిస్తుంది. అవి మహా అయితే పక్క అడవిలోకి వెళ్లి ఉంటాయి. చేలో ఆకు పసుపెక్కింది, అడవిలో కాయ రాలుతోంది, అంతే.

ఓక్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తూర్పు అమెరికా అడవుల్లో శరదృతువు మేతంతా దాని చుట్టూనే తిరుగుతుంది. వేటగాడికి పనికొచ్చే విభజన రెండే: తెల్ల ఓక్, ఎర్ర ఓక్. తెల్ల ఓక్ ఆకు అంచులోని తమ్మెలు గుండ్రంగా ఉంటాయి. ఎర్ర ఓక్ తమ్మెలు మొనదేలి, కొసన వెంట్రుకంత సన్నటి ముల్లు పొడుచుకొచ్చి ఉంటుంది. తెల్ల ఓక్ వసంతంలో పూసి, అదే ఏడు శరత్తుకు కాయ రాలుస్తుంది. ఎర్ర ఓక్ కాయ పండటానికి రెండు వేసవులు కావాలి. అందువల్ల ఎర్ర ఓక్ కొమ్మ మీద ఈ ఏటి ముదురు కాయలతో పాటు, వచ్చే ఏడాదికి తయారయ్యే మిరియపు గింజంత పిందెలు కూడా కనిపిస్తాయి. ఒక్క కొమ్మ వంచి చూస్తే రెండేళ్ల కాపు అంచనా దొరుకుతుంది.

రుచిలోనూ రెంటికీ తేడా ఉంది. కాయలోని వగరుకు కారణం టానిన్లు. అవి మాంసకృత్తులను పట్టుకుని జీర్ణం కాకుండా అడ్డుపడతాయి. జింక దానికి విరుగుడు నోట్లోనే పెట్టుకుంది. దాని లాలాజలంలో ప్రోలీన్ ఎక్కువగా ఉండే ప్రోటీన్లు టానిన్లను ముందే బంధించి, తిండిలోని మాంసకృత్తులను కాపాడతాయి. అయినా సరే, ఎంచుకునే వీలుంటే వగరు తక్కువున్న తెల్ల ఓక్ కాయకే మొగ్గు చూపుతుంది. తెల్ల ఓక్ కాయ రాలిన కొద్ది రోజులకే వేరు తొడుగుతుంది, ఎక్కువ కాలం నిలవదు. ఎర్ర ఓక్ కాయ వసంతం దాకా మొలకెత్తకుండా ఆకుల కింద పడి ఉంటుంది, పైగా కొవ్వు ఎక్కువ. ఉడతలకు ఈ తేడా బాగా తెలుసు. తెల్ల ఓక్ కాయను దొరికిన చోటే తింటాయి, ఎర్ర ఓక్ కాయను మట్టిలో దాస్తాయి. తెల్ల ఓక్ కాయను దాచాలనుకుంటే మొలక వచ్చే భాగాన్ని ముందే కొరికేసి మరీ పాతిపెడతాయి. వేటగాడు దీన్నుంచి నేర్చుకోవలసింది సూటిగానే ఉంది. సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే విల్లు వేటకు తెల్ల ఓక్, నవంబరు తుపాకీ వేటకు ఎర్ర ఓక్.

ఓక్ ప్రతి ఏడూ ఒకేలా కాయదు. కొన్నేళ్లకోసారి ఒక ప్రాంతంలోని చెట్లన్నీ కూడబలుక్కున్నట్టు విరగకాస్తాయి, తరవాత చేతులు ఎత్తేస్తాయి. పూత సమయంలో మంచు కొడితే ఆ ఏటి కాపు పోయినట్టే. విరగకాసిన ఏడాది వేట సులువు అనుకుంటే పొరపాటు. అడవి నిండా మేత పరిచి ఉంటే జింక నాలుగడుగులు కూడా వేయక్కర్లేదు, వేటగాడి కంట పడదు. కాపు లేని ఏడాది కాసిన కొద్ది చెట్ల కిందికి, పొలాల అంచులకు జింకలే వస్తాయి. ఒకప్పుడు అపలాచియన్ కొండల్లో ఈ ఎగుడుదిగుళ్లు ఇంతగా ఉండేవి కావు. అక్కడి అమెరికన్ చెస్ట్‌నట్ చెట్లు వేసవి మొదట్లో, మంచు భయం పోయాక పూసేవి కాబట్టి ఏటా నమ్మకంగా కాసేవి. 1904లో న్యూయార్క్‌లో బయటపడిన ఒక శిలీంధ్ర తెగులు అర్ధ శతాబ్దం తిరక్కుండా వందల కోట్ల చెట్లను తుడిచిపెట్టింది. ఆ తరవాత జింకకూ, ఎలుగుబంటికీ, అడవి టర్కీ కోడికీ ఓక్ కాయే దిక్కయింది.

మేత కోసం కొందరు సొంత భూమిలో చిన్న చిన్న మడులు కూడా వేస్తారు. క్లోవర్, చికోరి, ఓట్లు, టర్నిప్ వేయడం మామూలు. వీటిలో టర్నిప్ కుటుంబం తమాషా అయినది. చలి ముదిరినకొద్దీ ఆకుల్లో చక్కెర పెరుగుతుంది. అంతవరకు ముట్టని జింకలు గట్టి మంచు పడ్డాక వచ్చి మేస్తాయి. నా దృష్టిలో మడి వేసేముందు చేయవలసిన ముఖ్యమైన పని మట్టి పరీక్ష. ఆమ్ల నేలకు సున్నం చల్లకుండా ఎంత ఖరీదైన విత్తనం చల్లినా డబ్బు దండగ.

నవంబరు మధ్యలో ఎదకాలం ముదురుతుంది. పగటి పొద్దు తగ్గడమే దానికి సంకేతం, చలికి సంబంధం లేదు. సుమారు 200 రోజుల గర్భం తరవాత కూన పుట్టేసరికి మే చివరో జూనో అవుతుంది, అడవి పచ్చగా ఉంటుంది. ఈ రోజుల్లో మగజింక మేత దాదాపు మరిచిపోతుంది. ఎద ముగిసేసరికి ఒంటి బరువులో ఐదో వంతు దాకా కరిగిపోవచ్చు. అలాంటప్పుడు దాని మేత చూసి ఏం లాభమని అడగవచ్చు. ఆడజింక మాత్రం తినడం ఆపదు. మగది ఆడదాని వెంట, ఆడది మేత వెంట. లెక్క మళ్లీ ఓక్ చెట్టు కిందికే వస్తుంది.

ఇక సరంజామా. జింకకు అన్నిటికన్నా గట్టి రక్ష దాని ముక్కు. గాలి మన వైపు నుంచి దాని వైపు వీస్తే ఎన్ని మందులు చల్లుకున్నా పసిగడుతుంది. కొండ ప్రాంతాల్లో గాలికి ఇంకో అలవాటుంది. పొద్దెక్కి నేల వేడెక్కినకొద్దీ వాలు వెంట పైకి పోతుంది, సాయంత్రం చల్లబడగానే లోయలోకి దిగుతుంది. పొద్దున పనికొచ్చిన మంచె సాయంత్రానికి పనికిరాకపోవడానికి ఇదే కారణం. దీన్ని కనిపెట్టడానికి పాత వేటగాళ్లు జేబులో మిల్క్‌వీడ్ కాయ ఒకటి వేసుకుంటారు. అది మన జిల్లేడు కుటుంబపు మొక్కే. కాయ విప్పి దూదిలాంటి కేశాలున్న గింజను గాలిలోకి వదిలితే, అది తేలుతూ పోయి యాభై గజాల అవతల గాలి ఎటు తిరుగుతోందో కూడా చూపిస్తుంది. పైసా ఖర్చు లేని ఈ పరికరాన్ని మించింది నాకు ఏ దుకాణం జాబితాలోనూ కనబడలేదు.

కళ్ల సంగతి వేరు. మన కంటిలో రంగులు పట్టే కోన్ కణాలు మూడు రకాలు, జింక కంటిలో రెండే. 1990ల తొలినాళ్లలో జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, జెరాల్డ్ జేకబ్స్, జే నీట్జ్ వంటి దృష్టి శాస్త్రవేత్తలతో కలిసి జింక కంటి రెటీనా స్పందనలను కొలిచి ఈ విషయం తేల్చారు. ఎరుపు, నారింజ రంగులు దానికి ప్రత్యేకంగా కనబడవు. నీలం మాత్రం మనకన్నా బాగా తెలుస్తుంది. వేటగాళ్లు ఒకరినొకరు పొరపాటున కాల్చుకోకుండా విస్కాన్సిన్‌లో 1980 నుంచి మిరుమిట్లు గొలిపే నారింజ దుస్తులు తప్పనిసరి చేశారు. 2016లో గులాబీ రంగునూ ఒప్పుకున్నారు. మనిషికి అర మైలు దూరం నుంచి కనిపించే ఆ జాకెట్టు జింకకు మసక రంగు గుడ్డ. ఎక్కువ ముప్పు నీలం జీన్స్ ప్యాంటుతోనూ, తెల్లదనం కోసం మెరుపు రసాయనాలు కలిపిన సబ్బుపొడితోనూ. ఆ రసాయనాలు అతినీలలోహిత కాంతిని నీలి వెలుగుగా మార్చి వెదజల్లుతాయి, జింక కన్ను పట్టేసేది సరిగ్గా ఆ వెలుగునే. వేట బట్టలు ఆ రసాయనాలు లేని సబ్బుతో ఉతకాలి.

మంచె విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చెట్టుకు కట్టే ట్రీ స్టాండ్ల మీద నుంచి పడటం అమెరికాలో వేటగాళ్ల గాయాలకు పెద్ద కారణాల్లో ఒకటి. ఒంటికి తొడిగే హార్నెస్ పైకెక్కాక కట్టుకునేది కాదు. నేల మీదే తొడుక్కుని, చెట్టు పొడవునా వేలాడే తాడుకు తగిలించుకుని ఎక్కాలి. పాత పట్టీలు ఎండకు చివికిపోతాయి, వాటిని ఏటా మార్చాలి. పిడుదుల కోసం బట్టలకు పర్‌మెత్రిన్ మందు పట్టించి ఆరబెట్టాలి. అది బట్టలకే, ఒంటికి రాసుకోకూడదు. పిడుదులకూ ఓక్ కాపుకూ కూడా సంబంధం ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో రిచర్డ్ ఆస్ట్‌ఫెల్డ్ బృందం చేసిన దీర్ఘకాల పరిశీలనల ప్రకారం, కాయలు విరగకాసిన మరుసటి వేసవిలో ఎలుకలు పెరుగుతాయి, ఆ పై ఏడాది లైమ్ వ్యాధి మోసే పిల్ల పిడుదులు ఎక్కువవుతాయి.

తూటా ఎంపికలో నేను రాగి వైపే నిలబడతాను. సీసపు తూటా మాంసంలో చిట్లి, కంటికి ఆనని తునకలు గాయం నుంచి అడుగు దూరం దాటి కూడా చేరినట్టు ఎక్స్‌రేలలో కనబడింది. వేటగాళ్లు అడవిలో వదిలేసిన పేగులు తిన్న బట్టతల గద్దలు ఆ సీసంతో చనిపోతున్నాయి. రాగి తూటా పెద్దగా చిట్లదు.

ఇంత హడావిడి అసలు ఎందుకు అనిపించవచ్చు. 1900 ప్రాంతంలో అమెరికా అంతటా తెల్లతోక జింకలు ఐదు లక్షలకు మించి మిగల్లేదు. చట్టాలు వచ్చాయి, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టంతో తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణి సంరక్షణకు మళ్లింది. ఇప్పుడు జింకలు మూడు కోట్ల దాకా ఉన్నాయని అంచనా. ఆలోగా చాలాచోట్ల తోడేళ్లు పోయాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆల్డో లియోపోల్డ్ జింకలు అతిగా పెరిగే ఈ ప్రమాదాన్ని ముందే చూశాడు. అడవిలో లేత మొక్క బతకాలంటే ఆడజింకలను కూడా వేటాడనివ్వాలని 1943లో వాదించి, సొంత రాష్ట్రంలోనే జనం చేత తిట్లు తిన్నాడు. ఆయన మాట నిజమని ఇప్పుడు అక్కడి అడవులే చెబుతున్నాయి. జింకల మేత తాకిడికి సెడార్, హెమ్లాక్ మొక్కలు ఎదగని చోట్లు ఎన్నో ఉన్నాయి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఎర. చెట్టు కింద మొక్కజొన్న బస్తా కుమ్మరించి జింక కోసం కాచుకోవడం కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధం, కొన్నిట్లో నేరం. పెళ్లి విందులో మిగిలిన అన్నం ఒక్కసారిగా తిని గేదె పొట్ట ఉబ్బి చనిపోవడం మన పల్లెల్లో తెలిసిందే. చలికాలంలో పుల్లలకు అలవాటుపడిన జింక పొట్టలో మొక్కజొన్న పడినా అదే జరుగుతుంది. పిండి పదార్థం మీద బతికే బాక్టీరియా విజృంభించి ఆమ్లం పెరుగుతుంది, కడుపు నిండా తిండి ఉండగానే జింక చనిపోతుంది. రెండో ప్రమాదం ఇంకా పెద్దది. 1967లో కొలరాడోలోని ఒక పరిశోధన కేంద్రంలో మొదట గమనించిన క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు 2002లో విస్కాన్సిన్‌లో బయటపడింది, ఇప్పుడు ముప్ఫైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. దీనికి కారణం ప్రయాన్ అనే తప్పుగా మడతపడిన ప్రోటీన్. వండినా చావదు, మట్టిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది, లాలాజలంతో పాకుతుంది. మూతులన్నీ ఒకే కుప్ప మీద పెట్టించడమంటే జబ్బును పంచిపెట్టడమే. మనుషులకు ఇది సోకినట్టు ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అయినా జబ్బు ఉన్న జింక మాంసం తినవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. విస్కాన్సిన్‌లో జింక తల అప్పగిస్తే ఉచితంగా పరీక్ష చేస్తారు. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజరులో ఉండాలి తప్ప పళ్లెంలోకి రాకూడదు.

మన చుక్కల దుప్పి కూడా ఈ కథలో ఉంది. 1932లో దాన్ని టెక్సాస్‌కు తీసుకెళ్లి వదిలారు, ఇప్పుడక్కడ వేలల్లో పెరిగింది. అది ఆకూ తింటుంది, ఆకు అయిపోతే గడ్డితోనూ బతుకుతుంది. తెల్లతోక జింక పొట్టకు ఆ శక్తి లేదు, కాబట్టి మేత కరువైతే నష్టపోయేది స్థానిక జింకే. టెక్సాస్‌లో దుప్పిని ఏడాది పొడవునా వేటాడవచ్చు. మన దేశంలో మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం. ఎండాకాలంలో ఇప్ప పూలు రాలే చెట్ల కిందికి అవి వస్తాయన్న జ్ఞానం మన అడవుల్లో కెమెరాకూ, గణనకూ మాత్రమే వాడాలి.

న్యూజెర్సీలోనో, అట్లాంటాలోనో, డాలస్ శివార్లలోనో పెరటి గుమ్మం దాకా వచ్చే జింకను చూసి పిల్లలు ముచ్చటపడే తెలుగు ఇళ్లు వేలల్లో ఉన్నాయి. వాళ్లకు నా విన్నపం ఒకటే. మిగిలిన అన్నం, చపాతీలు, మొక్కజొన్న దాని ముందు పెట్టకండి. జాగా ఉంటే ఓక్ మొక్క ఒకటి నాటండి, పెరట్లో పాత ఓక్ ఉంటే కొట్టించకండి.